అరుగు దొరకని సైకిలు

మొన్న శనివారం నుంచి నేను గేటు దాటితే చాలు, మా వీధిలో ఎవరో ఒకరు స్టూలు తెచ్చి నా ముందు వేస్తున్నారు. కూర్చోడానికి కాదు. ఎందుకో చెప్తాను, మీరూ నవ్వుకోండి.

మాది గరివిడి. స్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి ఇంటి దగ్గర కూడా నోరు ఊరుకోదు. పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా మా వీధి ఆడవాళ్ళం గేట్ల దగ్గర నిలబడి తిట్టుకోవడం మామూలే. ఓ రోజు నేనే అన్నాను, "తిట్టుకుంటే ఏం లాభం? పెట్రోలు ఎల్లకాలం దొరికేది కాదు. ఇప్పట్నుంచే అలవాటు పడదాం. శనివారం శనివారం మన వీధిలో ఎవరూ బండి తియ్యొద్దు. కూరలకి నడిచో, సైకిలు మీదో వెళ్దాం" అని.

ఎదురింటి అప్పలనర్సమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను పైనుంచి కిందకి చూసింది.

"సెప్పడం సులువే టీచరమ్మా. సందు సివర కొట్టుకి కూడా స్కూటీ మీదే ఎల్తావు. ముందు నువ్వు సైకిలు మీద బజారుకెల్లి మా అందరికీ కూరలట్టుకురా. తెచ్చేవా, వచ్చే వారం నించి మా ఆయన బండి తాళం నేనే దాసేస్తాను. తేలేదా, మరింక ఈ మాట ఎత్తకు."

మిగతావాళ్ళు "అదీ మాట" అన్నారు. పంతం పడిపోయింది. నాకేం భయం లేదు. మా నాన్న సైకిలు ఇంకా నా దగ్గరే ఉంది.

పెద్ద కడ్డీ సైకిలు. వెనక షెడ్డులో బూజు పట్టి ఉంటే టైర్లూ ట్యూబులూ మార్పించాను. సీటు మాత్రం తుప్పుకి బిగుసుకుపోయి కిందకి దిగలేదు. పోనీలే అనుకున్నాను. ఆ గ్రీజు వాసన తగలగానే చిన్నప్పటి ఊరంతా కళ్ళ ముందుకొచ్చేసింది. నాన్న నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చీపురుపల్లి తీసుకెళ్ళేవాడు. దారిలో ప్రతి ఇంటికీ అరుగే. నాన్న సైకిలు దిగేవాడు కాదు. అరుగు మీద ఒక కాలు మోపి, "ఏటి మావా, ఊడుపులయ్యేయా?" అని రెండు ముక్కలు మాట్లాడి మళ్ళీ తొక్కేవాడు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు నా గుప్పెట్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోసేవారు. మా ఇంట్లోకి వచ్చే ఆయిలంటే దీపాల్లోకి కిరసనాయిలొక్కటే. అదీ పొదుపుగా వాడుకునేవాళ్ళం. అయినా ఏ లోటూ ఉన్నట్టు తెలిసేది కాదు. ఆ రోజులంటే నాకిప్పటికీ బెంగే.

శనివారం పొద్దున్నే చుడీదారు వేసుకుని, హ్యాండిల్‌కి సంచులు తగిలించాను. మా ఆయన స్టూలు వేసి సైకిలు పట్టుకున్నాడు. ఎక్కాను. నాలుగు తొక్కులకే బ్యాలెన్సు వచ్చేసింది. వీధంతా చప్పట్లు. గాలి మొహానికి తగులుతుంటే నాన్న గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం ఈ మధ్య ఎరగను. బజారు మలుపు తిరిగాక గానీ అసలు సంగతి గుర్తుకి రాలేదు. నాకు సైకిలు దిగడం రాదు.

నిజం. కాళ్ళు నేలకి అందేవి కావని చిన్నప్పుడు అరుగు మీంచి ఎక్కి, అరుగు మీదకే దిగేదాన్ని. ఊరంతా అరుగులే ఉంటే వేరే పద్ధతి నేర్చుకోవలసిన అవసరమేముంది? కాళ్ళు ఇప్పుడూ అందడం లేదు. బ్రేకు వేస్తే సైకిలు ఆగుతుంది, సైకిలు ఆగితే నేను పడతాను.

సరే, అరుగు కోసం అటూ ఇటూ చూశాను. ఒక్క ఇంటికి లేదు. అన్నీ కొట్టేసి, కార్లూ బళ్ళూ ఎక్కించుకోడానికి ఏటవాలుగా సిమెంటు పోయించేసుకున్నారు. మా ఇంటికీ అంతే, నేనే దగ్గరుండి పోయించాను.

"టీచరమ్మా, లేత వంకాయలున్నాయి, దిగండి" అని కూరలమ్మే రాములమ్మ పిలిచింది.

"వచ్చేటప్పుడు తీసుకుంటానమ్మా" అన్నాను హుందాగా, తొక్కుతూనే.

ఇంతలో వెనకనుంచి మా ఆయన. బజార్లో నేను మళ్ళీ సైకిలెక్కాలి కదా అని స్టూలు చంకన పెట్టుకుని వెనకే వచ్చాడట. "ఒసే, కూరలు దాటిపోతన్నావు, ఆగవే" అన్నాడు.

"ఆగలేనండీ. దిగడం రాదు."

పాపం, పరుగెత్తుకొచ్చి స్టూలు వేశాడు. కుడివైపు వేశాడు. నేను దిగేది ఎడమవైపు. ఆయన అటు మార్చేలోపు నేను మెయిన్‌రోడ్డెక్కేశాను.

అక్కడ మాత్రం నిజంగా భయం వేసింది. వెనక లారీల హారన్లు, కాళ్ళేమో పెడళ్ళ మీంచి జారుతున్నాయి. ఇక పడిపోవడమే అనుకుంటుండగా కనిపించింది. సరిగ్గా మా ఊరి అరుగంత ఎత్తున, శుభ్రమైన సిమెంటు దిమ్మ. హ్యాండిల్ అటు తిప్పి, నెమ్మదిగా బ్రేకు వేసి, అచ్చం నాన్నలాగే ఎడమ కాలు మోపి ఆగాను. ప్రాణం లేచొచ్చింది. నాన్న చూస్తే మెచ్చుకునేవాడు.

తలెత్తి చూద్దును కదా, అది పెట్రోలు బంకు. పంపు దగ్గరున్న యూనిఫారం ఆవిడ గొట్టం చేత్తో పట్టుకుని నన్నూ సైకిలునీ మార్చి మార్చి చూసింది.

"ఎంత కొట్టమంటారమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆటో వచ్చి ఆగింది. అందులో స్టూలుతో సహా మా ఆయన, అప్పలనర్సమ్మ, మరికొందరు. వెనకే మా వీధి మగవాళ్ళందరూ బళ్ళ మీద. నేను లారీల మధ్యకి వెళ్ళిపోయానని మా ఆయన ఫోను చేసి చెబితే తలో దిక్కూ వెతికారట.

అప్పలనర్సమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏటైపోయేవో అని గుండాగిపోయింది టీచరమ్మా" అంది. తర్వాత నా ఖాళీ సంచులు చూసింది, పంపు చూసింది. "పెట్రోలు మానీమని సెప్పి అందర్నీ ఇక్కడికే తోల్కొచ్చేవేటి" అంది.

ఆటో అతను "ఎలాగూ వచ్చేం కదా" అని ముందుకి తీసి కొట్టించుకున్నాడు. అతని వెనక అప్పలనర్సమ్మ వాళ్ళాయన. ఆయన వెనక మిగతావాళ్ళు వరసగా. నేను ఆ దిమ్మ మీదే నిలబడి, నాన్న సైకిలు పట్టుకుని, వాళ్ళకి దారి ఇస్తూ ఉన్నాను. నా పుణ్యమా అని ఆ శనివారం మా వీధిలో ఫుల్ ట్యాంకు లేని బండి లేదు.