కొత్త గుడ్డ మీద వడియాలు

నాన్న ఢిల్లీ కంటోన్మెంటులో సుబేదారు. గుడారాల గోదాము ఆయన చేతికిందే ఉండేది. తొంభైల్లో ఒక వేసవిలో ఆ గోదాము తగలబడింది. లోపల చిక్కుకుని చౌకీదారు చనిపోయాడు. "ఒక్క పీలిక కూడా మిగల్లేదు" అని నాన్న అందరికీ చెప్పాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, మా దగ్గర చచ్చినవాడి నెత్తినే నింద పడింది. అతను కాల్చిన బీడీయే అంటుకుందని విచారణలో తేల్చేస్తున్నారు. అదే ఖాయమైతే అతని భార్యకు పెన్షను రాదు, ఉన్న గది ఖాళీ చెయ్యాలి. ఆమె మా వంటింటి గడప దగ్గర కూలబడి, "దీదీ, వో బీడీ ఛూతే తక్ నహీఁ థే" అని ఏడ్చింది. బీడీ ముట్టని మనిషని అమ్మకీ తెలుసు. పక్క గదిలో నాన్న తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ సగ్గుబియ్యం జావ కాచి నన్ను మేడ మీదికి రమ్మంది. ఆ మేడ అన్ని ఇళ్ళవాళ్ళదీ. పక్కింటి అంకుల్ మిలిటరీ పోలీసు, రోజూ అక్కడే కుండీలకు నీళ్ళు పోస్తాడు. అమ్మ చంకలోంచి దించిన మూట చూడగానే నా గుండెల్లో రాయి పడింది. ఆకుపచ్చ గుడారం గుడ్డ. కొత్తది, మడత నలగలేదు. అంచున గోదాము ముద్ర, దాని కింద ఆ ఏటి అంకె.

"ఇదెక్కడిదమ్మా?"

"మీ నాన్న మంచం కింది పెట్టెలోది."

కాలిపోయిందన్న సరుకు కాలలేదు. అంటే ముందే అమ్ముకున్నారు. అది బయటపడకుండా నిప్పు పెట్టారు. నిప్పులో ఒక మనిషి ఉన్నాడు. నా చిన్న బుర్రకి కూడా ఇదంతా అందేసింది.

వడియాలు ఎవరైనా పాత పంచె మీద పెడతారు. ఎండాక వెనకనుంచి నీళ్ళు చిలకరిస్తే ఊడొస్తాయి. ఇంత మందపాటి గుడ్డ తడవదు, వడియం ఊడదు. అమ్మకి మతిపోయిందనుకున్నాను. ముద్ర ఉన్న అంచు గబగబా కిందికి మడిచేశాను.

"ఆ మడత తీసెయ్యవే. పైకే ఉండాలి."

భయం ముదిరితే నాకు హిందీ వచ్చేస్తుంది. "మమ్మీ, పాపా కో పకడ్ లేంగే!"

"పట్టుకుంటారు, తెలుసు. గరిటె ఇలాగియ్యి."

"చెప్పాలనే ఉంటే ఎవరికో ఒకరికి నోటితో చెప్పొచ్చుగా?"

"నోరు రావట్లేదే," అంది. గరిటెలోంచి జావ సరిగ్గా ముద్ర పక్కనే పడింది. ఆ క్షణాన నాకు అమ్మంటే అసహ్యం వేసింది. ఎవరి మొగుడో పోతే నా తండ్రిని పట్టిస్తుందా?

ఎండ చురుక్కుమనే వేళకి అంకుల్ మగ్గు పట్టుకుని వచ్చాడు. కుండీల వైపు వెళ్తూ ఆగాడు. వంగి చూశాడు.

"భాభీజీ, యే కపడా కహాఁ సే?" ఈ గుడ్డ ఎక్కడిదని.

"ఘర్ కా హీ హై, భాయీసాబ్," అంది అమ్మ. ఇంట్లోదేనని. మగ్గులోని నీళ్ళు మగ్గులోనే ఉంచి ఆయన కిందికి దిగిపోయాడు. అదే సమయానికి సందులో నాన్న సైకిల్ బెల్లు మోగింది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. అసహ్యం అసహ్యమే, పట్టుకోవడానికి ఇంకెవరున్నారు?

ఆ సాయంత్రమే నాన్నని తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకి చౌకీదారు మీద నింద కొట్టేశారు, గది అతని భార్యకే ఉంచారు. క్వార్టరు ఖాళీ చేసింది మేము.

సామాను సర్దుతుంటే ఆమె వచ్చింది. వద్దన్నా వినకుండా గిన్నెలు గోనెలో వేసి పెట్టింది. గుడ్డ పరిచిందెవరో ఆమెకి తెలియదు. అమ్మ చెయ్యి పట్టుకుని, "దీదీ, సాబ్ భలే ఆద్మీ హైఁ. కిసీ దుష్మన్ నే ఫఁసాయా హై" అంది. నాన్న మంచివాడట, ఎవరో పగవాళ్ళు ఇరికించారట.

అమ్మ తలెత్తలేదు. గోనె మూతికి తాడు బిగిస్తూ ఉండిపోయింది.