మల్లవ్వ ఇచ్చిన కుక్క

ఈ ఏడు మిరుగు కార్తె పోయి ఆరుద్ర వచ్చిన రెండో రోజు, బుధవారం, మా వైపు మొదటి గట్టి వాన పడింది. అంతకుముందు రెండు జల్లులు పడ్డాయి కానీ వాటితో దుమ్ము కూడా అణగలేదు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోను. వాన వెలిశాక అరుగు మీదికి వచ్చి నిలబడితే దొడ్డి వైపు నుంచి తడిసిన గొంగడి వాసన వచ్చింది. గొర్రె తడిస్తే వచ్చే వాసన వేరు, గొంగడి తడిస్తే వచ్చే వాసన వేరు. గొంగడిలో బొచ్చుతో పాటు చింతగింజల గంజి ఉంటుంది, పొయ్యి పొగ ఉంటుంది, చుట్ట పొగాకు ఉంటుంది. ఒకే మనిషి భుజం మీద ఏళ్ల తరబడి ఉన్నదైతే ఆ మనిషి కూడా ఉంటుంది. దొడ్డిలో గొర్రెల మధ్య నేల మీద పరిచి ఉన్న ఆ గొంగడి మల్లవ్వది. ఆమె పోయి వచ్చే కార్తీకానికి నాలుగేళ్లు నిండుతాయి.

మల్లవ్వను ఎరగని వాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ముందు నేను ఇక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. మా ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. మాకు పిల్లలు లేరు. ఆయన రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ అప్పజెప్పి, చొప్పదండికి కాస్త దూరంలో రెండెకరాల ఇరవై గుంటల భూమి కొని, రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. రెండో ఏడు తిరగకముందే ఆయన పోయాడు. కాలనీలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ము వచ్చేది. షిఫ్టు సైరన్‌ను బట్టి వంట, సైరన్‌ను బట్టి నిద్ర. ఇక్కడ చుట్టూ చేన్లు, ఆ చేన్లలో పొద్దున పనికి వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మనుషులు. దీపం పెట్టే వేళకు కనుచూపు మేరలో ఒక్క మనిషీ ఉండేవాడు కాదు.

ఆయన పోయాక వచ్చిన ఎండాకాలం మల్లవ్వ తన మంద మా చేనులో పెట్టింది. ఎరువు కోసం చేనులో గొర్రెల మందను కొన్ని రాత్రులు పడుకోబెట్టించుకోవడం మా వైపు అలవాటు. బక్కపలచని మనిషి, అరవై దాటి ఉంటాయి, గొంతు మాత్రం రెండు చేన్ల అవతలికి వినిపించేది. నన్ను చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరూ పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని, నాతో పాటు ఏడ్చి వెళ్లారు. మల్లవ్వ అలా చెయ్యలేదు. మంచినీళ్లకని వచ్చి, నేను అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకోవడం చూసి, చంకలోని గొర్రెపిల్లను నా ఒళ్లో పెట్టింది.

"ఏడ్చుడు అయినంక దీనికి జర పాలు తాపు. దీని తల్లి తన్నుతున్నది" అంది.

"నాకు చాతగాదు మల్లవ్వా. ఎన్నడు చేయలే."

"నాకు సుత పుట్టంగనే రాలే. తాపు."

అంతే, వెళ్లిపోయింది. మంద కదిలిన మరునాడు చేను ఎంత ఖాళీగా కనిపించిందంటే, నేను కబురు పంపి ఆమె దగ్గరే పదకొండు గొర్రెలు కొన్నాను. కాలనీలో మహిళా సంఘం లెక్కలు ఇరవై ఏళ్లు నేనే చూశాను. ఆ అలవాటు కొద్దీ గొర్రెల వీపుల మీద నీలం రంగుతో నంబర్లు వేశాను. అది చూసి మల్లవ్వ నవ్వాపుకోలేక మా గేటు పట్టుకుని నిలబడింది.

"ఏందే కాలనమ్మా, గీటిని బాయిల డ్యూటీకి పంపుతవా? జీతం సుత ఇస్తవా ఏంది?"

కాలనీ నుంచి వచ్చినదాన్ని కాబట్టి అప్పటి నుంచి ఆమెకు నేను కాలనమ్మనే.

"నంబరు లేకుంటే ఏది పోయిందో ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"పోయినంక తెలిస్తే ఏం లాభం? పోకుంట చూసుకోవాలె."

పోవడం మొదలైంది కూడా. కోళ్ల దుకాణాల చెత్తకు మరిగిన ఊరకుక్కలు గుంపుగా వచ్చి ఒకే నెలలో రెండింటిని చంపాయి, మూడోదాన్ని పట్టపగలు నా కళ్ల ముందే లాక్కెళ్లాయి. కరీంనగర్ నుంచి మా తమ్ముడు రవీందర్ వచ్చాడు. మంచివాడు, నా మంచే కోరేవాడు. "అక్కా, ఇంకొక్కటి పోయిందంటే ఇగ అమ్మేద్దాం. ఒక్కదానివి గిక్కడ ఎందుకు? మా ఇంట్ల వెనుక అర్ర ఖాళీనే ఉన్నది" అన్నాడు. ఆ అర్ర నాకు తెలుసు. బియ్యం బస్తాలు వేసుకునేది, ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు తెరుచుకుంటుంది. గొర్రెలు నిలిస్తే నేను ఇక్కడ ఉంటాను, గొర్రెలు పోతే ఆ అర్రలో ఉంటాను. నా ముందున్న లెక్క అదొక్కటే.

మల్లవ్వ మందలో ఒక ఆడకుక్క ఉండేది. అది ఆ ఏడు కార్తీకంలో ఈనింది. "కుక్కను కొంటే నిలువది. జొన్నలు పట్టుకొని రా" అని కబురు పెట్టింది. జొన్నలు తీసుకుని కుక్కపిల్లను ఇవ్వడం వాళ్లింటి పద్ధతి. శుక్రవారం సాయంత్రం వెళ్లాను. బూడిద రంగు పిల్ల, ముందుకాళ్లు మాత్రం తెలుపు. ఎత్తుకోబోతే మల్లవ్వ నా చెయ్యి తోసేసింది. గొంగడికి ఒక మడతలో కుక్కపిల్లను, ఇంకో మడతలో తల్లి లేని గొర్రెపిల్లను వేసుకుని, రెండూ ఒకదానికొకటి తగిలేటట్టు భుజాన కట్టుకుని మా ఇంటి దాకా తానే నడిచింది. ఇంటి వైపు చూడకుండా నేరుగా దొడ్డిలోకి వెళ్లి, నేల మీది పెంటికలు పిడికిట నలిపి కుక్కపిల్ల ఒంటికంతా రుద్దింది. ఒక తల్లి గొర్రె పాలు పిండి దాని మూతికి, వీపుకు పూసింది. గొర్రెలు ముందు బెదిరాయి, ఒకటి కుమ్మింది కూడా. తర్వాత ఒక్కొక్కటే వచ్చి వాసన చూశాయి.

"పేరేం పెట్టాలె?" అని అడిగాను.

"పేరెందుకు? పేరు పెడితే పిలుస్తవు. పిలిస్తే వస్తది. నీ దగ్గరికి వచ్చిందంటే గొర్ల కాడ ఎవ్వలున్నట్టు?" అంది. దానికి తిండి దొడ్డిలోనే పెట్టాలి, పెట్టి వచ్చెయ్యాలి. ముట్టుకోకూడదు, ముచ్చట పెట్టకూడదు. "ఇగ నువ్వు ఇంట్లకు నడువు" అని నన్ను నా దొడ్డి నుంచే పంపించేసింది.

మూడో రోజు మునిమాపున తుంపర పడుతుంటే అది ముళ్లకంప కింద దూరి వచ్చి, అరుగు మీద మా ఆయన చెప్పుల మీద ముడుచుకుని పడుకుంది. ఆ చెప్పులు నేను తియ్యలేదు, అక్కడే ఉండేవి. దాన్ని ఎత్తుకుని దొడ్డిలో వదిలి వచ్చాను. ఎత్తుకోకుండా ఎలా తీసుకెళ్తాను? దాని కడుపు వేడి చాలాసేపు నా అరచేతుల్లో ఉంది. తెల్లవారి మల్లవ్వ వచ్చి కుక్కపిల్లను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"సబ్బు వాసన వస్తున్నది" అంది.

ఆమె దగ్గరికి వచ్చి, నా చీర కొంగు తీసుకుని, నా రెండు చేతులూ కలిపి చుట్టింది. "ఒక్కలే ఉండేటోళ్లకు కుక్క దొరికిందంటే అది ఇంటి కుక్కనే అయితది. ఎంతమందిని చూసిన నేను! దొడ్లకు పోతే గిట్లనే పో. గిన్నె పెట్టు, మళ్ల చుట్టుకో, రా."

అలాగే చేశాను. ఇంతకంటే కష్టమైన పని నేను చెయ్యలేదని అంటే కాలనీలో నాతో పని చేసినవాళ్లు నవ్వవచ్చు. మాట్లాడటానికి మనిషి లేని ఇంట్లో, తోక ఊపే ప్రాణి ఒకటి యాభై గజాల దూరంలో ఉంటే, దానికి వీపు చూపించి నడవడం రోజుకు రెండుసార్లు ఉండేది. కొన్నాళ్లు అది కంప దాకా నా వెంట వచ్చేది. తర్వాత సగం దూరం వచ్చి ఆగేది. ఆ చలికాలం పోయేసరికి నన్ను చూసి తోక మాత్రం ఆడించి, లేవకుండా గొర్రెల మధ్యనే పడుకునేది. దాని తోక ఇంటివాళ్లను పలకరించినట్టు కాక, పొరుగువాళ్లను పలకరించినట్టు ఆడేది.

మరుసటి ఏడు వరి కోసిన మడిలో గొర్రెలు మేస్తుంటే ఊరకుక్కల గుంపు మళ్లీ వచ్చింది. నేను దూరంగా బోరు దగ్గర ఉన్నాను. నా అరుపు వాటికి అందే లోపలే మా కుక్క గొర్రెల చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, వాటిని దగ్గరికి చేర్చి, ముందుకు వచ్చి నిలబడింది. వెంటబడలేదు. నిలబడింది, అంతే. వచ్చినవి అటూ ఇటూ తిరిగాయి, మొరిగాయి, చివరికి గట్టు దిగి వెళ్లిపోయాయి. నేను రొప్పుతూ చేరేసరికి దాని చెవి చీలి నెత్తురు కారుతోంది. ఎప్పుడు కరిచాయో నేను చూడనే లేదు. అది నన్ను ఒకసారి చూసి, నా వైపు కాక గొర్రెల వైపు నడిచింది. నేను కొంగు చుట్టుకున్నాను.

సాయంత్రం సంగతంతా చెబితే మల్లవ్వ చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుంది. "ఇగ నీకు కుక్క లేదు కాలనమ్మా. గొర్లకు ఉన్నది" అంది. అది ఆమె మెచ్చుకోలు. ఆ సంవత్సరం మా దొడ్డిలో ఒక్క గొర్రె తగ్గలేదు. రవీందర్ ఫోన్ చేసినప్పుడు అర్ర మాట ఎత్తడం మానేశాడు.

ఆ తర్వాత మల్లవ్వ కొడుకు ట్రాక్టర్ కొనుక్కోవడానికి మందనంతా అమ్మేశాడు, మా కుక్క తల్లితో సహా. ఆ రోజు గురించి ఆమె నాతో ఒక్క మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఒళ్లో తుమ్మకాయలు పోసుకుని మా దొడ్డికి వచ్చేది. "జీవాలను చూసిపోదామని వచ్చిన" అనేది. నా గొర్రెల కాళ్లు చూసేది, నన్ను తిట్టేది, తుమ్మకాయలు వేసి వెళ్లిపోయేది.

మా ఆయన సంవత్సరీకానికి ఏటా ధర్మపురి వెళ్లి గోదావరిలో కార్యం చేయించుకుని వస్తాను. ఆ ఏడు బస్సు తొందరగా దొరికి, చెప్పిన వేళ కంటే ముందే ఇల్లు చేరాను. దొడ్డిలో మల్లవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కుక్క తల ఆమె ఒళ్లో ఉంది. చీలిన చెవిలో అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీస్తూ, రెండు చేన్ల అవతలికి వినిపించే ఆ గొంతుతోనే, కానీ నాకే సరిగా వినిపించనంత మెల్లగా మాట్లాడుతోంది.

"మీ అవ్వ నన్ను చూసుకుంటనే పోయిందిరా బండెక్కి... ఏం చేస్త మరి? నా మాట ఎవ్వలు ఇంటున్నరు..."

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. ముట్టుకోవద్దన్న మనిషి ముట్టుకుంది. నేను ఇన్నాళ్లు ఆపుకున్న చేతులు నావి. చప్పుడు కాకుండా రోడ్డు దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి గట్టిగా దగ్గుతూ, చెప్పులు ఈడ్చుకుంటూ మళ్లీ వచ్చాను. ఈసారి ఆమె దొడ్డి బయట, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది.

"గోదారి నిండుగున్నదా?" అని అడిగింది.

"నిండుగనే ఉన్నది" అన్నాను.

మర్నాటి నుంచి ఆమె వచ్చే వేళకు నేను పొయ్యి ముట్టించడానికి లోపలికి వెళ్లేదాన్ని. ఒక్కదాని వంటకు అంత ముందుగా పొయ్యి అవసరం లేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం గొంగడిని దొడ్డి గుంజకు తగిలించి, "రేపు తీసుకపోత, బరువైతున్నది" అని వెళ్లింది. ఆ రాత్రే ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చింది. కరీంనగర్ తీసుకెళ్లారు కానీ ఇంటికి ప్రాణంతో రాలేదు. దినాలకు వెళ్లి గొంగడి సంగతి చెబితే కొడుకు తల దించుకుని, "నీ దగ్గర్నే ఉంచుకో పెద్దమ్మా" అన్నాడు. తెచ్చి నా మంచం మీద పరుచుకున్నాను. గరుకుగా ఉండేది, గుచ్చుకునేది. చాన్నాళ్ల తర్వాత ఇంట్లో నాది కాని వాసన ఒకటి ఉంది.

కానీ కుక్క సాయంత్రం కాగానే గొర్రెలను వదిలి గేటు దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. రోడ్డు వైపు మూతి పెట్టి, చీకటి పడేదాకా కదిలేది కాదు. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఒక గురువారం అది గేటు దగ్గర ఉండగా వెనక కంపలో నుంచి ఊరకుక్కలు దూరి గొర్రెపిల్లను తీసుకుపోయాయి. రవీందర్ మర్నాడే వచ్చాడు. చిరాకు పడలేదు, మెత్తగానే చెప్పాడు. "ఇగ చాలక్కా. అర్రకు సున్నం ఏయించిన. బస్తాలు తీసేసిన." వారంలో చెబుతానని పంపాను.

అది ఎవరి కోసం చూస్తోందో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. దాన్ని పిలిచి ఒళ్లో పడుకోబెట్టుకుంటే వచ్చేదే. అప్పుడు అది నాకు ఉండేది. శనివారం సాయంత్రం మంచం మీది గొంగడి తీసుకుని దొడ్డిలోకి వెళ్లి, గొర్రెలు పడుకునే చోట నేల మీద పరిచి, చేతులు చుట్టుకుని బయటికి వచ్చాను. కుక్క గేటు దగ్గర తల తిప్పింది. నడుచుకుంటూ వచ్చి, గొంగడి అంచు నుంచి అంచు దాకా వాసన చూసి, దాని మీద మూడు చుట్లు తిరిగి పడుకుంది. కాసేపటికి గొర్రెలు దాని పక్కకు చేరాయి. ఆ రాత్రి నా మంచం మీద పాత దుప్పటి వేసుకున్నాను.

"పెట్టెల భద్రంగ పెట్టుకోవాల్సిన వస్తువును పెంటల ఏసినవా?" అని రవీందర్ ఇప్పటికీ అంటుంటాడు. ఇప్పుడది సగం మట్టిలో కలిసింది, అంచులు పోగులు పోగులుగా ఊడిపోయాయి. కుక్క మూతి నెరిసింది. మా దొడ్డిలో ఇవాళ్టికి పంతొమ్మిది గొర్రెలు.

వాన వెలిసిన ఆ బుధవారం సాయంత్రం కూడా గిన్నె తీసుకుని వెళ్లాను. అది తడి గొంగడి మీద లేచి కూర్చుని, తోక రెండుసార్లు ఆడించింది. నేను ఎదురుగా ఉంటే తినదు. గిన్నె కింద పెట్టి, వెనక్కి తిరిగి, నాలుక గిన్నెకు తగిలే చప్పుడు వినిపించేదాకా అలాగే నిలబడ్డాను. చేతులు కొంగులో ఉన్నాయి.