గేటు దగ్గర లేచిన చేతులు

కన్నమ్మ ఫోన్ చేయకపోతే మామిడి కోతల రోజుల్లో తోట వదిలి నేను కోలారు బంగారు గనుల ఊరికి పోయేవాణ్ణి కాదు. కన్నమ్మ నా పాత స్నేహితుడు మునెప్ప భార్య. గని పనివాళ్ల కోసం కంపెనీ ఎప్పుడో వరుసగా కట్టించిన ఇళ్లలో ఒక దాంట్లో వాళ్లుంటారు. ఆ వరుసను అక్కడ లైను అంటారు. గని మూసి ఇరవై ఏళ్లు దాటింది. ఇళ్లు మాత్రం ఇప్పటికీ వాటిలో ఉండేవాళ్ల పేరున లేవు. "అన్నా, మంగళవారం అర్జీలు తీసుకునేదానికి పెద్ద ఆఫీసరు వస్తాడంట. లైనంతా పోయి ఇండ్లు మా పేర్న రాయమని అడగతాము. ఈయనే మాట్లాడాల. నువ్వు పక్కనుంటే ఈయనకు ధైర్యంగా ఉంటాది" అంది. నాకు నవ్వొచ్చింది. భూమిలో మైలుకు పైగా లోతున ముప్పై ఏళ్లు పని చేసిన మనిషికి నేను ధైర్యం ఇచ్చేదేమిటి? అయినా పిలిచింది కదా అని బయల్దేరాను.

మా గౌనిపల్లి నుంచి పొద్దున మొదటి బస్సు పట్టుకుంటే శ్రీనివాసపురం మీదుగా కోలారు చేరి, అక్కడ బస్సు మారి, టిఫిన్ల వేళకు రాబర్ట్‌సన్‌పేటలో దిగవచ్చు. రానూపోనూ మూడు వందలు దాటదు. ఆడవాళ్లకు అదీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ రోజు బస్సంతా వాళ్లే. డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్న నేను రెండు చేతుల్లో రెండు తోతాపురి మామిడికాయల సంచులతో నిలబడ్డాను. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె నన్ను చూసి, "తాతా, నువ్వు కూడా కొంగు కప్పుకొని ఎక్కాల్సింది" అంది.

"కప్పుకుంటే సీటిస్తావామ్మా?"

"సీటు ఇయ్యను. సంచులు ఇయ్యి, ఒళ్లో పెట్టుకుంటా. దిగేటప్పుడు రెండు కాయలు తగ్గితే మాత్రం అడగొద్దు."

ఇచ్చాను. రెండు తగ్గాయి. అడగలేదు.

శ్రీనివాసపురం దగ్గర మామిడి మండీల ముందు లారీలు ఆగి ఉంటాయి కాబట్టి ఈ కాలంలో బస్సు కొంచెం ఆలస్యమవుతుంది. మీరు పోయేటప్పుడు అది లెక్కలో పెట్టుకోండి. రాబర్ట్‌సన్‌పేటలో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు. నన్ను ఎక్కించుకున్నవాడు బండి కదలకముందే మొదలుపెట్టాడు. "గని చూసేదానికా పెద్దాయనా? లోపలికి ఇడవరు. బయటినించి షాఫ్టు చూపిస్తా. ఆ తెల్ల దిబ్బల కాడ ఫోటో తీసిస్తా." షాఫ్టు అంటే గనిలోకి దిగే నిలువు బావి, ఆ దిబ్బలు బంగారం తీసేశాక మిగిలిన మట్టి. గాలి లేస్తే ఊరంతా ఆ మట్టే. "నేను చూడని గనా అప్పా? నువ్వు పుట్టకముందు అందులో దిగినాను" అన్నాను. "అట్లయితే నువ్వే నాకు చూపించు, ఆటో డబ్బులు వద్దులే" అన్నాడు. దిగేటప్పుడు మాత్రం వంద తీసుకున్నాడు.

నేను అన్నది అబద్ధం కాదు. కుర్రతనంలో ఆ గనిలో మూడేళ్లు చేశాను. మునెప్ప, నేను ఒకే షిఫ్టు. నన్ను అక్కడి నుంచి తరిమింది పని కష్టం కాదు, సోదా. పని ముగించి పైకొచ్చాక, బంగారు రాయి దాచుకున్నామేమోనని గేటు దగ్గర వరుసగా నిలబెట్టేవాళ్లు. రెండు చేతులూ పైకెత్తాలి. నోరు తెరవాలి. నాలుక లేపి చూపాలి. తలగుడ్డ విప్పి దులపాలి. ఎవడైనా ఆలస్యం చేస్తే వెనక ఉన్న మనవాళ్లే తిట్టేవాళ్లు, ఇంటికి పోయే తొందర వాళ్లది. ఒక రోజు నేను చేతులెత్తను అన్నాను. పని పోయింది. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వచ్చేశాను. మునెప్ప అక్కడే ఉండిపోయాడు. మర్నాడూ ఎత్తాడు, ఆ మర్నాడూ ఎత్తాడు, గని మూసేదాకా ఎత్తాడు.

నేను పోయేసరికి లైను వాళ్లంతా వీధి పంపు దగ్గర తయారుగా ఉన్నారు. ముప్పై మందికి తక్కువ లేరు, ఎక్కువగా ఆడవాళ్లే. వయసులో ఉన్న మగవాళ్లు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారు. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు ఎందుకు అడగాలనిపించింది అని కన్నమ్మను అడిగాను. మొన్నటి వానకు చివరి ఇంటి పైకప్పు రేకు విరిగి పడిందట. అందులో ఉండే సరోజ కొత్త రేకు తెచ్చి వేయించబోతే, కంపెనీ తరఫున అజమాయిషీకి వచ్చినవాడు ఎవరో ఇది మీ ఇల్లు కాదు, చెయ్యి పెట్టొద్దని ఆపించాడట. "మర్సనాడు పొద్దున ఈడ్నే పంపు కాడ నేను అనినా, అన్నా. నెత్తిన పడేటప్పుడు మాది, ముట్టుకునేటప్పుడు మాత్రం మాది కాదంటనా అని. అంతే. బిందెలు పెట్టేసి అందరూ నిలబడిపోయినారు" అంది. మునెప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఏం చెప్పాలో పెదవులు కదుపుతూ వల్లెవేస్తున్నాడు.

ఆఫీసు నడిచిపోయే దూరమే. పెద్ద ఆఫీసరు వచ్చే రోజు కాబట్టి గేటు దగ్గర ఒక హోంగార్డు నిలబడి సంచులు చూసి పంపుతున్నాడు. అందరికంటే ముందు మునెప్ప, పక్కన మామిడికాయల సంచులతోనే నేను. గేటు ఇంకో నాలుగు బారల దూరం ఉండగా మునెప్ప ఆగాడు. రెండు చేతులూ పైకి లేచాయి. నోరు తెరిచాడు. నాలుక లేపాడు.

హోంగార్డు బిత్తరపోయాడు. "ఏం తాతా, చేతులెందుకు ఎత్తినావు? దించు, దించు. నిన్నెవురూ ఏమీ అనలేదు. లోపలికి పో" అని నిదానంగానే చెప్పాడు. వెనక ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేసింది. మునెప్ప చేతులు దించాడు. చేతులతో పాటు మనిషే కిందికి దిగినట్టయ్యాడు. గేటు దాటలేదు. వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, టీ అంగడి బల్ల మీద పోయి కూర్చున్నాడు. కన్నమ్మ ఒక్క క్షణం అటు చూసింది, ఇటు చూసింది. "ఈయన్ని చూసుకో అన్నా" అని చెప్పి, ఆడవాళ్లను వెంటబెట్టుకుని లోపలికి పోయింది.

టీ చెప్పాను. మునెప్ప గ్లాసు ముట్టుకోలేదు.

"చూసినావు కదప్పా. ఎవురూ ఎత్తమనలే."

"అలవాటు పోలేదు, అంతే. దానికేముండాది?"

"అలవాటు అంటావు. నేను ఎత్తలేదప్పా, అవే పోయినాయి. ఒగసారి గనిలో నీళ్లు పొంగితే మెడలోతున నిలబడి ముగ్గుర్ని పైకి తోసినా. ఆపొద్దు ఈ చేతులు నా మాట ఇన్నాయి. ఈపొద్దు ఒగ హోంగార్డును చూసి లేచినాయి."

లోపలి నుంచి కన్నమ్మ గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. పంపు దగ్గర వరుస తప్పినవాళ్లను నిలదీసే గొంతు అది. నెత్తిన పడే రేకు మాటే చెబుతోంది. మునెప్ప తల వంచుకుని విన్నాడు. "బాగా మాట్లాడతా ఉండాది" అన్నాడు.

కాసేపటికి ఆమే గబగబా బయటికొచ్చింది. "ఆఫీసరు ఇన్నాడన్నా. కానీ ఈ లైన్లో ఇల్లుండి గనిలో పని చేసినోడు ఒగడన్నా వచ్చి, ఈ ఇండ్లు కంపెనీ మాకిచ్చినవే అని నోటితో చెప్పాలంట. మా లైన్లో పని చేసినోళ్లు అందరూ గని దుమ్ముకు ఊపిరి ఆడక పోయినారు. మిగిలింది ఈయనొక్కడే. మధ్యాన్నం భోజనానికి లేస్తే ఇంగ వచ్చే నెలకే వస్తాడంట." మునెప్ప లేచాడు గాని అడుగు వేయలేదు. నాకు ఒక ఉపాయం తట్టింది. మామిడికాయల సంచులు రెండూ అతని చేతుల్లో పెట్టాను.

"పట్టుకో. ఇంత బరువుంటే యాడికి లేస్తాయో చూస్తాను."

"లంచం తెచ్చినాననుకుంటారు" అన్నాడు మునెప్ప. ఆ రోజు మొదటిసారి కొంచెం నవ్వాడు.

"తోతాపురికి పడిపోయే ఆఫీసరు ఈ జిల్లాలో లేడు, పో."

పోయాడు. బరువుకు భుజాలు వంగి, చేతులు కిందికి లాగుతూ గేటు దాకా సరిగ్గానే పోయాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. హోంగార్డు మర్యాదగానే, "సంచులు ఈ టేబుల్ మీద పెట్టి పో తాతా, వచ్చేటప్పుడు తీసుకుందువు" అన్నాడు. మునెప్ప ఒక సంచి పెట్టాడు. రెండోదీ పెట్టాడు. చేతులు ఖాళీ అయ్యాయి. మెల్లగా చెవుల దాకా లేచాయి. ఈసారి నోరు తెరవలేదు. పళ్లు బిగబట్టి, వాటిని కిందికి తెచ్చుకోవాలని నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. హోంగార్డు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత మునెప్ప సంచులు అక్కడే వదిలేసి వెనక్కి వచ్చాడు. ఇంకాసేపటికి ఆఫీసరు జీపు మా ముందు నుంచే పోయింది.

సాయంత్రం పంపు దగ్గర ఆడవాళ్లు ఆ కాయలే కోసి, ఉప్పూ కారమూ చల్లి అందరికీ పంచారు. ఎవరూ మునెప్పను తప్పు పట్టలేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది. సరోజే మొదట నోరు తెరిచింది. "మామా, వచ్చే నెల నీకు చీర కట్టి తీసుకుపోతాము. మేము గనిలోకి దిగలేదు కదా, మా చేతులు ఎవురూ ఎత్తించలే. చీర కట్టుకుంటే నీయి కూడా లేయవు." అందరూ నవ్వారు. కన్నమ్మ నవ్వలేదు. "చీరా వద్దు, సంచులూ వద్దు. ఒగ చెయ్యి నేను పట్టుకుంటా, ఒగ చెయ్యి సరోజ పట్టుకుంటాది. ఆఫీసరు ముందర కూడా ఇడవము" అంది. మునెప్ప చేతిలో ముక్క అలాగే ఉంది.

"గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది గాని నిద్ర పట్టలేదు. చేతులెత్తనని చెప్పి గని వదిలొచ్చిన సంగతి నేను ఇన్నేళ్లూ మీసం మీద చెయ్యేసి చెప్పుకున్నాను. ఆ మాట అనడానికి నా వెనక రెండెకరాల తోట ఉంది. మునెప్ప వాళ్లకు పుట్టిన ఊళ్లో కాలు పెట్టుకునేంత నేల లేదు, ఉండనిచ్చినవాళ్లూ లేరు. అందుకే అతను ఎత్తాడు, నేను ఎత్తలేదు. నా రోషం గొప్పది కాదు, నా తోట గొప్పది. మనిషికి కోపం వస్తే చాలు, సర్కారును నిలదీసి తన హక్కు అడుగుతాడని అనుకునేవాణ్ణి. కోపం మునెప్పకు జీవితమంతా ఉంది. అది చేతుల దాకా రాలేదు. రోజూ పంపు దగ్గర తమ వంతు కోసం నోరు చేసుకున్న ఆడవాళ్లకు అడగడం ఎప్పుడో వచ్చేసింది. ఏం అడగాలో తెలియడానికి ఒక రేకు విరిగి పడాల్సి వచ్చింది. ఆ రేకు ఇరవై ఏళ్ల ముందే పడి ఉంటే, చెప్పడానికి ఆ లైన్లో ఇంకా చాలామంది ఉండేవాళ్లు. ఆ బాధ నాకు పోయేది కాదు.

మీరు ఆ ఊరు చూడాలనుకుంటే ఒక్క మాట చెబుతాను. ముందు షాఫ్టు దగ్గరికి పోవద్దు. పొద్దున నీళ్లు వదిలే వేళకు ఏదో ఒక లైను పంపు దగ్గరికి పొండి, వాళ్లే పిలిచి మాట్లాడతారు. మూసిన షాఫ్టు ఎక్కడికీ పోదు, మధ్యాహ్నం చూసుకోవచ్చు. అందులో దిగినవాళ్లు మాత్రం లైనుకు ఒకరో ఇద్దరో మిగిలారు.