జరిగితేనే వార్త

నూకరత్నం మొదటిసారి మా పిఠాపురం గ్రంథాలయానికి వచ్చినప్పుడు ఏ పేపరూ చదవలేదు. బల్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటే తీసి, జిల్లా పేజీల్లో ఫొటోలు మాత్రం చూసి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసింది. తర్వాత నేను కూర్చున్న చోటికి వచ్చి నిలబడింది.

"మేష్టారండీ, ఇందులో మా పేట గురించి పడాలంటే ఎవర్నడగాలండీ?"

నేను మేష్టర్ని కాను. ఆ గ్రంథాలయంలోనే పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడూ పొద్దున్నే అక్కడికే వెళ్తుంటాను. మావైపు కళ్లజోడు పెట్టుకుని పేపరు పట్టుకున్న ప్రతివాడూ మేష్టారే. ఏం పడాలమ్మా అని అడిగాను. ఆవిడ సంచి కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, మొదట్నుంచీ చెప్పుకొచ్చింది.

ఉప్పాడ దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక పేటలో ఆవిడ ఆశా కార్యకర్త. పదో తరగతి కాగానే పెళ్లయింది. భర్త బోటు మీద వేటకు వెళ్తాడు. అత్తగారు అప్పాయమ్మతో కలిసి కొన్నేళ్లు చేపల బుట్ట మోసింది. కాపరానికొచ్చిన ఇల్లు ఒక తుపానులో కెరటాల పాలైతే, వెనక్కి జరిగి ఇంకొకటి కట్టుకున్నారు. ఇప్పుడు దానికీ సముద్రం దగ్గర పడుతోందట. ఆ మాట ఆవిడ నిన్న వాన పడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆవిడ దిగులు ఇంటి గురించి కాదు, అత్తగారి నోటి గురించి.

ఆ పేటలో పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది చుట్ట అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. చూడనివాళ్లు నమ్మరు గానీ, దానికో కారణం ఉంది. ఒడ్డు గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద చేపల మీద రాలదు, తడి చేత్తో మాటిమాటికీ పట్టుకోనక్కర్లేదు. కాలిపోయేదల్లా నోట్లో అంగిలి. ఒక దంతవైద్య కళాశాల వాళ్లు నెలకోసారి వ్యాను తెచ్చి ఉచితంగా నోళ్లు పరీక్ష చేయడం మొదలుపెట్టారు. మొదటి నెల వచ్చినవాళ్లు కొద్దిమంది. రెండో నెల ఇంకా తక్కువ. వ్యాను ఎక్కితే చాలు, దానికి క్యాన్సరట అంటారనీ, మనవరాళ్ల సంబంధాలు చెడిపోతాయనీ భయం. వ్యానుతో వచ్చే డాక్టరు రమ్యశ్రీ చిన్నపిల్లే గానీ మనసున్న మనిషి. వెళ్లేముందు నూకరత్నంతో ఉన్నమాట చెప్పిందట. మిగతా ఊళ్ల శిబిరాల గురించి పేపర్లో వస్తోంది, ఆ కటింగులు చూసే యాజమాన్యం వ్యాను పంపడానికి ఒప్పుకుంటోంది, ఇక్కడ మనుషులూ రాక, పేపర్లోనూ పడకపోతే వచ్చే నెలే ఆఖరు అని.

"ఆఖరంటే ఎలాగండీ? మా అత్త ఇంకా ఎక్కలేదు," అంది నూకరత్నం.

అప్పాయమ్మ కొంతకాలంగా పులుసులోంచి చేపముక్క తీసి, మంచినీళ్లలో కడుక్కుని తింటోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పచ్చిమిరపకాయ కొరుక్కుని చద్దన్నం తిన్న మనిషి. అడిగితే వయసంటుంది. ఆస్పత్రికి రమ్మంటే నాకేం రోగమంటుంది. వ్యాను గుమ్మంలోకే వస్తూంటే ఎప్పుడో ఒకప్పుడు ఎక్కకపోతుందా అని కోడలి ఆశ. అందుకే ఆ వ్యాను ఆగకూడదు.

నాకు తెలిసిన విలేకరి చంద్రరావు ఒక్కడే. బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు నడుపుకుంటూ ఒక పేపరుకు వార్తలు పంపిస్తుంటాడు. ఆవిణ్ని అతని దగ్గరికి తీసుకెళ్లాను. మిషన్లో కాగితాలు పెడుతూనే అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు. పేపరు అతనికి జీతమివ్వదు, పైగా పండగొస్తే ప్రకటనలు తెమ్మంటుంది.

"చూడమ్మా, ఫలానా రోజు వ్యానొస్తుంది, అందరూ రండి అని రాస్తే అది ప్రకటన. డబ్బు కట్టాలి. జరగబోయేది ప్రకటన, జరిగింది వార్త. వార్తకి పైసా అక్కర్లేదు. ఇంతకీ ప్రారంభానికి నాయకులెవరన్నా వస్తున్నారా?"

"ఎవరూ రారండీ. డాక్టరుగారుంటారు, నేనుంటాను."

"మరి ఫొటోలో ఎవరుంటారు?"

ఆ రోజుకి ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయింది. కానీ పిఠాపురం వచ్చినప్పుడల్లా ఒక్క కాగితం పట్టుకుని ఆ షాపుకు వెళ్లేది. ఒకసారి ఆధార్ కార్డు, ఇంకోసారి రేషను కార్డు, మరోసారి ఎవరిదో టీకా కార్డు. అన్నీ ఒకేసారి తెచ్చుకోకూడదా అని చంద్రరావు విసుక్కుంటే, తెచ్చేస్తే మళ్లీ రావడానికి సాకుండదు కదండీ అందట. అతనికి నవ్వొచ్చింది. ఒక సాయంత్రం బండేసుకుని పేటకు వెళ్లాడు. అడ్డపొగ సంగతి విన్నాడు, బుట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను ఫొటో తీశాడు.

రెండు రోజుల్లో పడింది. జిల్లా పేజీలో పైనే, పెద్ద అక్షరాలతో: 'తీరంలో నోటి క్యాన్సర్ కలకలం'. కింద చేపల బుట్టలతో ఆడవాళ్ల ఫొటో, పేట పేరు. వ్యాను మాట ఎక్కడా లేదు.

ఆ పొద్దున్నే పిఠాపురం మార్కెట్లో కొనేవాళ్లు చేప ముట్టుకునే ముందు ఏ పేటదని అడగడం మొదలుపెట్టారు. చేప తింటే క్యాన్సరు వస్తుందని ఎవరూ అనలేదు. ఊరికే పక్క బుట్ట దగ్గరికి వెళ్లిపోయారు. ఆ పేట బుట్టలు నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొచ్చాయి. సాయంత్రానికి ఆడవాళ్లంతా నూకరత్నం గుమ్మం ముందు చేరి, మా పొట్టలు కొట్టావన్నారు. అప్పాయమ్మ వాళ్లందరూ వెళ్లేదాకా ఆగింది.

"పేపర్లో పడాలన్నావు గదే. పడ్డాం. ఇంక ఆ పేపర్లోనే సుట్టి అమ్ముకో ఈ సేపలు."

మర్నాడు ఆవిడ గ్రంథాలయానికి వచ్చినప్పుడు ఇక ఈ ప్రయత్నం మానేస్తుందనుకున్నాను. కొన్నాళ్లు ఊరుకుంటే జనం మర్చిపోతారన్నాను. కొన్నాళ్లంటే వ్యాను వెళ్లిపోద్ది కదండీ అంది. పోనీ ఖండన రాసి పంపుదామన్నాను. అది ఇంత పెద్దదిగా వేస్తారా అని అడిగింది. జీవితమంతా పేపర్లు చదివినవాణ్ని, అబద్ధం చెప్పలేకపోయాను. ఏ మూలనో వేస్తారు, ఎవరూ చదవరు అన్నాను.

"అయితే అదొద్దండీ," అని లేచింది. నేనూ వెనకే వెళ్లాను.

మమ్మల్ని చూడగానే చంద్రరావు మిషను ఆపేశాడు. హెడ్డింగు తను పెట్టింది కాదనీ, వ్యాను గురించి రాశాననీ, పేపరాఫీసు డెస్కులో కోసేశారనీ గబగబా చెప్పాడు. తను దెబ్బలాటకు రాలేదంది నూకరత్నం.

"జరిగింది వార్తన్నారు గదండీ. ఆదివారం వ్యానొస్తుంది. వచ్చి చూడండి, ఏం జరిగితే అది రాయండి."

"ఏం జరుగుద్ది?"

"తెలీదండీ. కానీ ఏదో ఒకటి జరిపిస్తాను."

ఇంటికి వెళ్లి అత్తగారి ముందు కూర్చుందట. ఈసారి రోగం మాట ఎత్తలేదు. నీ నోట్లో ఏం లేదని నువ్వే అంటున్నావు, ఆ ముక్కేదో డాక్టరు చేత పేపరాయన ముందు చెప్పించు, మన చేపలకొచ్చిన చెడ్డపేరు పోతుంది అంది. తన నోటి కోసం అంగుళం కదలని మనిషి, తన బుట్ట కోసం సరేనంది.

ఆదివారం చంద్రరావు బండి వెనక కూర్చుని నేనూ వెళ్లాను. అప్పాయమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వ్యాను ఎక్కనంది. సూసేదేదో బయటే సూడు, అందరూ సూడాల అని కుర్చీ వేయించుకుంది. పేట ఆడవాళ్లు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. చంద్రరావు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

రమ్యశ్రీ టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నూకరత్నం వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. అంగిట్లో తెల్లటి మచ్చ ఉంది, గట్టిపడింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఎంత మెల్లగా చెప్పినా అందరికీ వినబడింది.

అన్ని రోజులూ పేపరు పేపరు అని తిరిగిన నూకరత్నం చంద్రరావు దగ్గరికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది రాయొద్దండీ. మీకు దణ్ణం పెడతాను." అతను అప్పటికే ఫోను దించేశాడు.

కుర్చీలోంచి అప్పాయమ్మ గొంతు వినిపించింది.

"ఎందుకు రాయొద్దు? ఏం బాబూ, రాత్తావా రాయవా? ఈసారి పేట పేరెయ్యకు. నా పేరెయ్యి. అప్పాయమ్మ, సేపలమ్ముద్ది అని ఎయ్యి. ఇది సుట్ట వల్లొచ్చింది, సేపల వల్ల కాదని ఎయ్యి. నా నోరు, నా సుట్ట. ఊరందరికీ ఎందుకంటగడతావు?"

చంద్రరావు ఆ మాటలు ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఆవిడ డాక్టరు వైపు తిరిగింది.

"ముక్క తీత్తానన్నావు గదమ్మా. ఎంత తీత్తావు?"

"చిన్నదేనండి. బియ్యపుగింజంత."

"అంతేనా? నేను రొయ్యలకి కొసరు అంతకంటే ఎక్కువేత్తాను."

దూరంగా నిలబడ్డవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. అది ఇంకొకరికి అంటుకుంది. అప్పాయమ్మ నవ్వలేదు. లేచి, కోడలి భుజం పట్టుకుని వ్యాను మెట్లెక్కింది. ఆవిడ దిగివచ్చేసరికి ఖాళీ కుర్చీలో ఇంకో ముసలమ్మ కూర్చుని ఉంది. ఆ వెనక ఇద్దరు, వాళ్ల వెనక మరికొందరు. చీకటి పడేదాకా వ్యాను కదల్లేదు.

ఆ రాత్రి చంద్రరావు డెస్కుకు ఫోను చేసి, కోసేటట్టయితే అసలు వెయ్యొద్దని గట్టిగా చెప్పాడట. లోపలి పేజీలో పడింది, ఓ మోస్తరుగా. 'నా పేరు రాయండి' అని శీర్షిక. అప్పాయమ్మ అన్న మాటలు అన్నట్టే ఉన్నాయి. చివర ఒక వాక్యం ఉంది: వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ వస్తామని డాక్టరు చెప్పారు. జరగబోయేది ప్రకటనన్నావు కదయ్యా అని అడిగితే, డాక్టరుగారు ఆ మాట చెప్పడం జరిగిందే కదండీ అన్నాడు.

నూకరత్నం ఆ కటింగుకు జిరాక్సు తీయించి డాక్టరు ద్వారా కాలేజీకి పంపింది. చంద్రరావు దానికి డబ్బు పుచ్చుకోలేదు. మార్కెట్లో బుట్టలు మళ్లీ ఖాళీ అవడానికి కొన్ని వారాలు పట్టింది. పేపర్లో పడింది నువ్వేనా అని ఎవరన్నా అడిగితే అప్పాయమ్మ, నేనే, ముందు చేప సంగతి తేల్చు అనేదట.

పరీక్ష ఫలితం వచ్చింది. అది ఇంకా క్యాన్సరుగా మారలేదు. మందులు వాడాలి, నెలనెలా చూపించుకోవాలి, చుట్ట మానేయాలి. మొదటి రెండూ తేలికే అయ్యాయి. చుట్ట దగ్గరే అత్తాకోడళ్లకు యుద్ధం. కోడలు దాచేస్తే అత్త పక్కింట్లో అడిగి తెచ్చుకుని కాల్చింది. నాలుగు రోజులు ఏడ్చి మానేసింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ మానేసింది. నేనిది రాసేనాటికి మానేసే ఉంది. రేపటి సంగతి అడిగితే నూకరత్నం తల అడ్డంగా ఊపుతుంది, మాటివ్వదు. వ్యాను మాత్రం నెలనెలా వస్తోంది.