చిరుతల చప్పుడు దాటిన మాట

సుల్తానాబాద్ దగ్గరి ఆ ఊళ్లో శంకరవ్వ నోటికి జంకనివాడు ఒక్కడే, మరిది ముత్తయ్య. మగవాళ్ల చిరుతల రామాయణానికి అతనే పెద్ద. గుండ్రంగా తిరుగుతూ, చేతుల్లో గజ్జెలు బిగించిన చెక్క చిరుతలు కొడుతూ రాముడి కథ పాడటం తాతల నాటినుంచీ మగవాళ్ల పనే. దాన్ని ఆడవాళ్లతో ఆడించింది శంకరవ్వ. ఊరు బుగ్గలు నొక్కుకుంటే నొక్కుకుంది.

మొదటి ఆటను ఎవరో ఫోనులో పట్టారు. అందులో చిరుతల గలగల తప్ప ఒక్క మాట వినబడలేదు. ముత్తయ్య దాన్ని హోటల్ ముందు పదిమందికీ వినిపించాడు.

"రామాయణమా వదినె ఇది? ఎడ్లబండి పోతున్నట్టుంది. మీకు పాటలు రాలే గని, కట్టెలు కొట్టుడైతే వచ్చింది!"

శంకరవ్వకు అన్నం సయించలేదు. బీడీలు చుట్టుకుంటూ కంఠతా పట్టిన పాటలవి. "ఈసారి మాట మాట ఇనవడాలె. లేకుంటే నా చిరుతలు పొయ్యిల పెడుత" అని అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. పాట పట్టే మిషను కొనడానికి జట్టు ఆడవాళ్లు తలా కొంత డబ్బు పోగేసుకున్నారు. కోడలు ప్రవళికను తీసుకుని ఆమె కరీంనగర్ బస్సెక్కింది.

మైకుల దుకాణదారు బల్లనిండా పట్టే రికార్డింగ్ మిషను ఒకటి ముందు పెట్టాడు. "కచేరీలకు గిదే మంచిగుంటదమ్మా."

"గిన్ని గుండీలెందుకు కొడుకా? ఇంటికి పప్పుచారు వండటానికి పెండ్లి గంజు కొంటరా?"

అతను కాలరుకు పెట్టుకునే చిన్న మైకు చూపించాడు.

"ఒక్కదాని మెడకు కడితె మిగిలినోళ్లు మూగోళ్లా?" అంటూ శంకరవ్వ సంచిలోంచి చిరుతలు తీసింది. "నువ్వు చెప్పుడు కాదు, నేను ఇనాలె." ఒక జత కోడలికిచ్చింది. "పట్టు!"

అత్తాకోడళ్లు దుకాణంలోనే కొడుతూ పాడారు. పక్క దుకాణాల వాళ్లు తొంగి చూశారు. దుకాణదారు కోపగించుకోలేదు. అద్దాల బీరువాలోంచి అరచేతిలో పట్టే రికార్డరు తీశాడు. పాత రకం, అందుకే చవక. దాన్ని దూరంగా స్టూలు మీద పెట్టి, గలగల పగిలిపోకుండా రికార్డయ్యే సౌండు కొంచెం తగ్గించి, మళ్లీ పాడమన్నాడు. పాట అయ్యాక ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. చిరుతల చప్పుడు వెనక్కి జరిగింది, గొంతు ముందుకొచ్చింది.

"నా గొంతేనా? ముసలిదైంది గని, మాట నలగలే. ఇదే ఇయ్యి. దీన్ని నిలబెట్టే మూడు కాళ్లు గూడ ఇయ్యి, పుణ్యముంటది."

ఆదివారం పొద్దున ఊరి మహిళా సంఘం హాల్లో ఆట. రికార్డరును వలయం నడుమ నిలబెట్టారు. ముత్తయ్య తన జట్టుతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి ఘట్టం కాగానే ప్రవళిక రికార్డయింది విని, మొహం మాడ్చింది.

"అత్తా, గోడ అవతల పాడినట్టుంది."

"చౌక బేరం చారుకు గూడ రాదు వదినె!" ముత్తయ్య గట్టిగా నవ్వాడు.

శంకరవ్వ వెళ్లి రికార్డరును చేతిలోకి తీసుకుంది. దాని నెత్తిన మైకుకు తొడిగిన స్పాంజి టోపీ తడిసి పచ్చగా ఉంది, మధ్యలో ఎర్రటి ముద్ద.

"ఎవలు చేసిన్రే?"

"నేనే అక్కా," జట్టులోని వినోద నసిగింది. "కొత్త వస్తువు గదా... పసుపునీళ్లు చల్లి బొట్టు పెట్టిన."

"బొట్టు నొసట పెడుతరు గని చెవులల్ల పెడుతరానే!"

శంకరవ్వ టోపీ పీకి చూసింది. పసుపు లోపలికి దిగలేదు. "మళ్ల మొదటికెల్లి!" అని కేక వేసింది. ఆ కేకకు ఆడవాళ్ల గొంతులు రెట్టింపయ్యాయి.

ఆట అయ్యాక రికార్డరును హాలు స్పీకర్లకు కలిపి వినిపించారు. నన్నూ అడవికి తీసుకుపొమ్మని సీత అడిగే మాట, రాముడు కాదనే మాట, దానికి సీత తిప్పికొట్టే మాట, ఒక్కటీ పోలేదు. ఆడవాళ్లు ఒకరి వీపు మీద ఒకరు చరుచుకున్నారు. ముత్తయ్య వేలు తనకు తెలియకుండానే తాళం వేస్తోంది. పాట ఆగాక దగ్గరికొచ్చాడు.

"వదినె, మా ఆటకు గూడ గా మిషిని జర ఇస్తవా?"

"ఇస్త. ముందుగల్ల చెప్పు, మాట ఇనవడ్డదా?"

"ఆఁ... ఇనవడ్డది."

"గొణుగుడు కాదు, గట్టిగ! రికార్డు గుండీ మళ్ల నొక్కిన, మిషిని నడుస్తనే ఉన్నది."

"ఇనవడ్డది వదినె! మాట మాట ఇనవడ్డది!"

ఆ మాటా అందులో ఖంగుమని పడింది.