రెండుకూ మూడుకూ నడుమ

బేరంలో నన్ను మించినవాడు నిర్మల్‌లో లేడని అప్పట్లో నా నమ్మకం. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి మరి. పాత బైకు అమ్ముతున్న పెద్దాయన దాని లోపం తనే చెప్పాడు. “బేటా, మూడు నుంచి రెండుకు దించితే ఒక్కోపారి గేరు పడది, నడుమ న్యూట్రల్ లెక్క జారుతది. జర బాగు చేయించినంకనే తోలు.”

ఆ మరమ్మతు పేరు చెప్పి రెండు వేలు తగ్గించుకున్నాను. మరమ్మతు మాత్రం చేయించలేదు.

నెల తిరగకుండానే నా భార్యను ఎక్కించుకుని ఇచ్చోడలో పెళ్లికి బయలుదేరాను. ఘాట్ ఎక్కుతూ మలుపులో రెండో గేరుకు దించాను. గేరు పడలేదు. ఇంజన్ ఒట్టిగా అరిచింది, బండి వెనక్కి జారింది. వెనుక లారీ వస్తోంది. “ఎన్కకు పోతున్నదేందయ్యా” అంటూ ఆమె దూకి, కుడిచేతి మీద పడింది. లారీ జానెడు దూరంలో ఆగింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ అడిగింది: “గిట్ల జారుతదని నీకు ముందే ఎరుకనా?”

“ఎరుకే. అందుకే అగ్గువకొచ్చింది.”

ఆ మాటలో అప్పుడు కూడా కొంచెం గర్వం ఉందని తలచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత గేరు బాగు చేయిస్తే పద్దెనిమిది వందలే అయింది. చేతికి ఇరవై రెండు వేలు. ఆ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. జొన్నరొట్టె ఆమె ఎడమచేత్తోనే కొడుతోంది.