చిన్నాయిన అవతలి జట్టుకు ఆడిన రోజు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో ఏ ఇంటికి చుట్టం వచ్చినా, మంచినీళ్ళు ఇచ్చాక అడిగే మొదటి మాట ఒకటే: మీరు సాంచెల వాడ వైపా, బస్టాండు వైపా అని. సాంచెలంటే మా దగ్గర మరమగ్గాలు. ఊళ్ళో ఆ రెండు పేర్లతో రెండు కబడ్డీ జట్లు ఉండేవి. మొదట్లో ఒక్కటేనట. కెప్టెన్ ఎవరుండాలన్న పంచాయితీలో రెండుగా చీలింది. నేను పుట్టేనాటికే ఆ పగ ముదిరి, ఒక జట్టువాళ్ళు కూర్చునే హోటల్లో రెండో జట్టువాళ్ళు చాయ్ కూడా తాగేవాళ్ళు కాదు.

మా చిన్నాయిన పగలంతా సాంచె నడిపేవాడు, సాయంత్రం మా వాడ జట్టుకు కెప్టెన్. దసరా పోటీలో వరుసగా మూడేళ్ళు గెలిచిన జట్టుకు ఇత్తడి షీల్డు శాశ్వతంగా దక్కుతుంది. మేము రెండేళ్ళు గెలిచాం. మూడో ఏడు నేను ఐదో తరగతి.

పోటీ రోజు బస్టాండు జట్టుకు ఆరుగురే వచ్చారు. వాళ్ళ ఏడో ఆటగాడు ఆ వారమే వీసా వచ్చి దుబాయికి వెళ్ళిపోయాడు. బదులు ఆడాల్సినవాడు జ్వరంతో పడుకున్నాడు. ఏడుగురు లేనిదే ఆట లేదు, షీల్డు సాంచెల వాడదే అని పెద్దలు తేల్చారు. మావాళ్ళు ఈలలు వేశారు. నేనూ గంతులేశాను.

చిన్నాయిన మాత్రం బరి మధ్యకు నడిచి, "ఆడకుంట గెల్సుడేంది? నేనే వాళ్ళ దిక్కు ఆడుత. నా జాగల మనోడు ఇంకొకడున్నడు గద" అన్నాడు. మావాళ్ళు చేతులు పట్టి లాగారు, తిట్టారు. ఆయన వినలేదు. పెద్దలు కాసేపు తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. షీల్డు పోతుందని నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడ్వకు బిడ్డా, మెల్లగ ఆడుతడు తియ్" అన్నాడు మా బాపు. నేనూ అదే నమ్మాను.

ఆయన మెల్లగా ఆడలేదు. మొదటి కూతకే మావాళ్ళను ఇద్దరిని అవుట్ చేసి వచ్చాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతుంటే మట్టి రుద్దుకుని మళ్ళీ కూతకు వెళ్ళాడు. చివరి కూతలో నలుగురు మీద పడ్డా, ఈడ్చుకుంటూ వెళ్ళి వేలి కొసతో గీత తాకాడు. మేము ఒక్క పాయింటుతో ఓడిపోయాం. బస్టాండువాళ్ళు కూడా కేకలు వేయలేదు. వాళ్ళ కెప్టెన్ వచ్చి చిన్నాయిన మోచేతికి తన తువ్వాల కట్టాడు.

ఇంటికి వస్తూ దారిలో ఏడుస్తూనే అడిగాను, "జర మెల్లగ ఆడితె ఏం బోయేది చిన్నాయినా?"

"వాళ్ళ దిక్కు నిలవడ్డంక నేను వాళ్ళోన్నే బిడ్డా. సగం సగం ఆడుడు నాతోని కాదు" అన్నాడు.

వాడలో నెల రోజులు ఆయనతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. కెప్టెన్సీ తీసేశారు. అయినా రోజూ అందరికంటే ముందే బరికి వెళ్ళి, కొత్త కెప్టెన్ చెప్పినట్టు ఆడేవాడు. తర్వాత షీల్డు మాదయ్యేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు ఆయన మోకాళ్ళ నొప్పులతో గీత బయట కూర్చుని చూశాడు.

నేను టీచరునయ్యాను. కోరుట్లలో స్థిరపడ్డాననుకున్నప్పుడు, ఇష్టం లేకుండా పెగడపల్లికి బదిలీ అయింది. ఏడాదిలో తిరిగి వస్తావు, అప్పటిదాకా ఎట్లాగో నెట్టుకురమ్మన్నారు తోటివాళ్ళు. మొదటి రోజు తరగతిలో చాక్‌పీసు పట్టుకున్నాక అట్లా నెట్టుకురావడం నాకు చేతకాలేదు. తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాను. ఎక్కడ నిలబడినా పూర్తిగా నిలబడతాను, వెనక నుంచి నావాళ్ళే తిడుతున్నా సరే.